మా ఇంట్లో నామూస్

ఎవరో తలుపు కొట్టారు.

ఇందులో వింతేముంది, తలుపున్నది కొట్టడానికే కదా అంటారేమో. మీరెప్పుడూ దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండి ఉండరు. అక్కడ నా తలుపు ఎవరూ కొట్టరు. సరుకులు తెచ్చే కుర్రాడు సంచీ గుమ్మం ముందు పెట్టి, దానికో ఫొటో తీసి నా ఫోన్‌కి పంపి, నేను గడియ తీసేలోపు లిఫ్ట్ ఎక్కేస్తాడు. పక్క ఫ్లాట్‌లో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ సర్" అంటారు. సాయంత్రమైనా అదే అంటారు. ఆఫీసులో మాటలుంటాయి, లేకేం, కానీ అవన్నీ టైల్స్ కంటైనర్ల గురించి. నేను అన్నం తిన్నానా లేదా అన్నది కంటైనర్‌కి ఎందుకు?

అందుకని ఆ సాయంత్రం దబదబా చప్పుడయ్యేసరికి ముందు ఉలిక్కిపడ్డాను, తరవాత ఒళ్ళు మండింది. నేనప్పుడు వంటింట్లో సింకు దగ్గర నిలబడి, గిన్నెలోనే పెరుగన్నం కలుపుకుని తింటున్నాను. కంచం పెట్టుకుంటే మళ్ళీ కడగాలి కదా! గిన్నె చేత్తో పట్టుకునే వెళ్ళి తలుపు తీశాను.

ఎదురుగా కొండంత మనిషి. నారింజ రంగు జాకెట్టు, చేతిలో టార్చిలైటు, మెడలో రంగు స్టిక్కర్ల చుట్టలు. నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"మసా అల్ ఖైర్. ఫీ నామూస్ అందక్?" అన్నాడు.

పదిహేడేళ్ళుగా ఈ దేశంలో లెక్కలు రాస్తున్నాను గానీ నా అరబ్బీ 'పద పద' అనే యల్లా దగ్గర మొదలై ఖలాస్ దగ్గర ముగుస్తుంది. మధ్యలో ముదీర్, అంటే మేనేజరు, ఒకడుంటాడు. అయినా 'ఫీ' అంటే ఉంది అనీ, 'అందక్' అంటే నీ దగ్గర అనీ తెలుసు. ఇక నామూస్! కాకినాడలో పుట్టినవాడికి ఆ మాట ఒకరు నేర్పాలా? పెళ్ళి పంక్తిలో పులిహోర రెండోసారి అడగడానికి నామోషీ. ఉన్నవాళ్ళింటికి చిరిగిన చెప్పులతో వెళ్ళడానికి నామోషీ. అది ఉర్దూలోంచి వచ్చిందనీ, నామూస్ అంటే పరువనీ మా ఆఫీసులో హైదరాబాదు ఫర్దీన్ ఒకసారి చెప్పాడు కూడా. అంటే ఈ పెద్దమనిషి, ముక్కూ మొహం తెలియనివాడు, నా గుమ్మంలో నిలబడి నీకు నామోషీ ఉందా అని అడుగుతున్నాడన్నమాట!

నన్ను నేను చూసుకున్నాను. చంక దగ్గర చిల్లు పడ్డ బనీను. మోకాళ్ళకెత్తి కట్టిన లుంగీ. చేతికి పెరుగు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నామోషీ ఏంటయ్యా నాకు? నా ఇంట్లో నేను ఎలా తింటే నీకేం? గిన్నెలో తింటాను, బకెట్లో తింటాను! పెళ్ళాం ఊళ్ళో ఉంటే మగాడు నామోషీ పడాలా?" అని తెలుగులో అరిచాను. అర్థం కాలేదేమోనని మళ్ళీ హిందీలో అరిచాను.

వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ పైకెత్తి, "లా లా లా" అన్నాడు, కాదు కాదని. తరవాత పెదాలు బిగించి "జ్‌జ్‌జ్..." అని సన్నగా కూస్తూ, వేలు గాల్లో తిప్పి తిప్పి తీసుకొచ్చి తన మెడ మీద వాల్చి, ఫెడీమని కొట్టుకున్నాడు. అరచెయ్యి తెరిచి నాకు చూపించాడు.

"నామూస్!"

దోమ. వాడిది ఈజిప్టు, అక్కడ దోమని నామూస్ అంటారట. దుంప తెగ, నాకేం తెలుసు? పక్క ఫ్లాట్ తలుపు కొద్దిగా తెరుచుకుని, లోపల్నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

అది రెండువేల ఇరవై నాలుగు మే నెల. ఏప్రిల్లో ఇక్కడ కురిసిన వాన మీరూ టీవీలో చూసే ఉంటారు, రోడ్ల మీద కార్లు పడవల్లా తేలాయి. పెద్ద నీళ్ళు తోడేశారు. చిన్న నీళ్ళని ఎవరు తోడుతారు? పారేసిన టైర్లలో, పెయింట్ డబ్బాల్లో, బాల్కనీ కుండీల కింద పళ్ళేల్లో మిగిలిన నీళ్ళలో దోమలు సంసారం పెట్టాయి. మా బిల్డింగ్ రెండో అంతస్తులో బంగ్లాదేశ్ డ్రైవరొకడు డెంగ్యూతో ఆస్పత్రి పాలయ్యాడు. అప్పుడు బిల్డింగ్ చూసుకునే కంపెనీవాళ్ళు ఈ షాబాన్‌ని పంపారు. ఇంటింటికీ తిరిగి నిలవ నీళ్ళు వెతకడం వాడి పని.

గిన్నె పక్కన పెట్టి లోపలికి రమ్మన్నాను. తప్పు నాది కదా, కాస్త మర్యాద చేద్దామనుకున్నాను. వాడు మర్యాద కోసం రాలేదు. బాత్‌రూములో బకెట్ చూశాడు, ఎండిపోయి ఉంది. నేను బకెట్ వాడను. ఫ్రిజ్ వెనక ట్రే లాగాడు, దుమ్ము. ఏసీ గొట్టం, సింకు కింద పైపు, అన్నీ టార్చి వేసి చూశాడు. చివరికి బాల్కనీలోకి వెళ్ళాడు.

అక్కడ మూడు కుండీలున్నాయి. మా ఆవిడ కుసుమ పెంచిన మల్లెచెట్లు. కుండీల కింద పళ్ళేల్లో ఒకప్పటి నీళ్ళు ఆవిరై తెల్లటి చారలు మిగిలాయి. షాబాన్ ఒక కొమ్మని వేళ్ళతో పట్టుకున్నాడు. అది చిటుక్కుమని విరిగింది.

"మయ్యిత్," అన్నాడు. ఆ మాట నాకు తెలుసు. చచ్చిపోయింది అని.

తరవాత ఇల్లంతా మరోసారి కలియజూసి, "మఫీష్. మఫీష్ హాగా," అన్నాడు. లేదు, ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుని ఊపి, "మబ్రూక్!" అని అభినందించి, తలుపు మీద అరచేతంత ఆకుపచ్చ స్టిక్కర్ అంటించాడు. దాని సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. పసుపు స్టిక్కరైతే దోమలున్నట్టు, వచ్చే శనివారం మళ్ళీ వస్తారు. పచ్చదైతే రారు.

"యూ నో వాటర్, నో నామూస్. వెరీ గుడ్ హౌస్. ఐ నో కమ్," అని మెట్లు దిగిపోయాడు.

నేను గుమ్మంలో నిలబడి ఆ పచ్చ కాగితం చూస్తూ ఉండిపోయాను. మంచి మాటే అన్నాడు. కానీ నాకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. దోమ బతకడానికి చెంచాడు నీళ్ళు చాలట. నా ఇంట్లో ఆ చెంచాడు కూడా లేవు.

కుసుమ సంగతి చెప్పాలి. నా భార్య కుసుమకుమారి. డీఎస్సీ రాసి, ఫలితాల కోసం, ఉద్యోగం కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసింది. ఇక రాదులే అని మరిచిపోయిన రోజుల్లో, కరోనా ఇంకా సర్దుకోకముందే, పెద్దాపురం దగ్గర బళ్ళో టీచరుగా రమ్మని పిలుపొచ్చింది. నా మొహంలోకి చూసి, "వద్దంటే మానేస్తానండీ," అంది. నేను గట్టిగా నవ్వి, "నాకేంటి, రాజాలా ఉంటాను. వంట రాదా, వార్పు రాదా? బయల్దేరు!" అన్నాను. మా అమ్మాయి తన్మయిని తీసుకుని వెళ్ళింది. వెళ్తూ మల్లె కుండీలు మూడూ నాకు అప్పజెప్పింది.

ఆ మొదటి ఎండాకాలమే చెట్లు చచ్చిపోయాయి. నేను ఆఫీసు పనిలో పడి నీళ్ళు పొయ్యలేదు. అవి ఎండిపోయాయని చూసుకున్న రాత్రే కుసుమ ఫోన్లో "మల్లె మొగ్గేసిందా?" అని అడిగింది. వేసిందన్నాను. ఏమనను? చెట్టే చూసుకోలేనివాడు తనని తాను ఏం చూసుకుంటాడని భయపడదూ! అప్పట్నుంచీ రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది, అన్నం తిన్నారా అంటుంది, మల్లె మొగ్గేసిందా అంటుంది. తిన్నాను, వేసింది. బీరకాయ కూర అంటాను, ములక్కాడ చారు అంటాను. నోటికొచ్చిన వంటలన్నీ ఫోన్లోనే వండాను. సెలవుల్లో వస్తామంటే, ఇక్కడి ఎండలకి ఎందుకొస్తారు, నేనే వస్తానుగా అని ఆపేసేవాణ్ణి. వస్తే ఈ ఇల్లు చూస్తుందని నా బెంగ. రాజాలా ఉంటానన్నవాడు ఉండలేకపోతున్నానే అని చెప్పడానికి నామోషీ.

ఆ వారంలోనే లిఫ్ట్ దగ్గర కాగితం అంటించారు. శనివారం పొద్దున్నే అందరూ కలిసి బిల్డింగ్ చుట్టూ శుభ్రం చేద్దాం, రండి అని. నేను ఇలాంటివాటికి వెళ్ళే మనిషిని కాను. వెళ్ళాను.

మొదటి శనివారం కోలాహలమే. పిల్లలకి టోపీలు పెట్టి తీసుకొచ్చారు. చేతొడుగులు వేసుకుని సెల్ఫీలు దిగారు. వెనక స్థలంలోంచి టైర్లు, థర్మోకోల్ పెట్టెలు, విరిగిన టబ్బులు ఈడ్చి గుట్ట వేశాం. ఒక పెయింట్ డబ్బాలో నీళ్ళని షాబాన్ టార్చి వేసి చూపించాడు. సన్నటి నల్లపోగుల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పిల్లలు కెవ్వుమన్నారు. వాడు దాన్ని ఇసకలో గుమ్మరించి కాలితో నలిపేశాడు. రెండో శనివారం సగం మంది వచ్చారు. ఆ తరవాత ఎండ ముదిరింది, సెల్ఫీల మోజు తీరింది, షాబానూ నేనూ మిగిలాం.

వాడికి నేను కావాలి. ఎందుకంటే తలుపు తీసినవాళ్ళతో వాడు "ఫీ నామూస్?" అంటే సగం మంది నాలాగే తెల్లమొహం వేస్తున్నారు. నేను హిందీలో, తెలుగులో, ఇంగ్లీషులో చెప్తాను. నాకు వాడు కావాలి. ఎందుకో చెప్పడానికి ఇప్పుడు సిగ్గులేదు. తలుపులు తెరుచుకుంటాయి కదా! ఒక ఇంట్లో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఒక ఇంట్లో పసిపిల్ల మంచం కింద దూరి బయటికి రానని ఏడుపు. మొగుడూ పెళ్ళాం మా ముందే, నీళ్ళు నువ్వు పారబొయ్యలేదంటే నువ్వు పారబొయ్యలేదని పోట్లాట. "కూర్చోండి అంకుల్," అని ఎవరో కుర్చీ జరుపుతారు. నేను పెద్ద పనిమీద వచ్చినవాడిలా మొహం పెట్టి, ఫ్రిజ్ వెనక ట్రే చూడడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపు తీసుకునేవాణ్ణి.

కింద అంతస్తులో సుగ్రా బేగం ఉంటుంది. నెల్లూరు మనిషి. అరవై దాటాయి. చాలాకాలం ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసి, ఇప్పుడు కూతురు ఫైజా దగ్గర ఉంటోంది. ఫైజా క్లినిక్‌లో నర్సు, రాత్రి డ్యూటీలు, పగలంతా తలుపేసుకుని నిద్ర. ఆ ఇంటికి మాత్రం ఏ వారం వెళ్ళినా పసుపు స్టిక్కరే. కిటికీ దగ్గర పిట్టలకి మూకుడులో నీళ్ళు, గ్లాసులో పుదీనా, ఏసీ నీళ్ళు పట్టే బకెట్టు, ఆ నీళ్ళు పోసే కరివేపాకు కుండీ. నీళ్ళు లేని చోటంటూ లేదు.

"ఏందయ్యా రావు సారూ, వారం వారం వచ్చి ఇల్లంతా సోదా జేస్తా ఉండారు, నేనేమన్నా దొంగనా? యాడుండాయి దోమలు? నా నెత్తిన ఉండాయా?" అని మొదలెడుతుంది.

"అమ్మా, నీళ్ళు నిలవుంచొద్దని పోయిన వారం చెప్పానా లేదా? డెంగ్యూ వస్తే ఏం చేస్తారు?"

"వస్తే నా కూతురే సూది ఏస్తది. కూసో. టీ తాగి పో."

షాబాన్‌తో ఆవిడ అరబ్బీలో గలగలా మాట్లాడేస్తుంది. వాడికి ఊరి కబుర్లు చెప్పుకునే మనిషి దొరికినట్టే. నాకేమో టీ, పైన నంజుకోడానికి ఏదో ఒకటి. రెండోసారి వెళ్ళినప్పుడు అడిగింది, "నీకెవురుండారబ్బయ్యా ఇంట్లో?"

"అందరూ ఉన్నారండీ. ఊళ్ళో ఉన్నారు. నేనిక్కడ రాజాలా ఉన్నాను."

"రాజావైతే నా ఇంట్లో రెండో కప్పు టీ ఎందుకు అడగతా ఉండావు?" అని పకపకా నవ్వింది. నేను మొహం ముడుచుకున్నాను గానీ కప్పు ముందుకి జరిపాను.

జూన్ వచ్చేసరికి దోమలు తగ్గిపోయాయి. మేం చేసిన పని కొంత, ఎండ చేసిన పని కొంత. బంగ్లాదేశ్ డ్రైవరు కూడా కోలుకుని బండెక్కాడు. ఆ శనివారం షాబాన్ హుషారుగా ఉన్నాడు. తలుపు తరవాత తలుపు పచ్చ స్టిక్కర్లు అంటించుకుంటూ వస్తున్నాడు. ఇవాళ్టితో ఖలాస్, వచ్చే వారం నుంచి కంపెనీ తనని పక్క బిల్డింగుల క్లస్టర్‌కి మారుస్తోందని చెప్పాడు. నాకు భుజం తట్టి మరీ చెప్పాడు. మంచి జరిగినప్పుడు ఏడుపొస్తే మనిషి ఎవరికి చెప్పుకుంటాడు?

చివరి తలుపు సుగ్రా బేగందే. షాబాన్‌కి ఫోనొచ్చి బయటే ఆగాడు, నేనొక్కణ్ణే లోపలికెళ్ళాను. కరివేపాకు కుండీ కింద పళ్ళెం లేదు. బకెట్టు బోర్లించి ఉంది. పుదీనా కూడా లేదు. కిటికీ దగ్గర పిట్టల మూకుడు మాత్రం అంచుదాకా నిండి ఉంది. వంగి చూశాను. అందులో ఐసుముక్క తేలుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"పిట్టలకి సారూ."

"ఐసు ఇంకా కరగలేదు. ఇప్పుడే పోశారు. మేం వస్తున్నామని తెలిసి పోశారు. రోజు దాటని నీళ్ళలో దోమ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆవిడ నావైపు చూడకుండా కొంగుతో కిటికీ అంచు తుడిచింది. "దోమలు పోయినెలే పోయినాయి సారూ. అన్నీ నేనే కడిగేసినా. మీరొచ్చే పొద్దున మళ్ళా పోస్తా ఉండా."

"ఎందుకు?"

"పచ్చది అంటిచ్చేస్తే ఇంకెవురొస్తారు నాకాడికి? ఫైజా లేసేసరికి పొద్దు గూకుద్ది. అది డ్యూటీకి పోద్ది. మాట్లాడితే గోడకే మాట్లాడాల."

కోప్పడదామనుకున్నాను, కోపం రాలేదు. "ఇలా చెప్పడానికి మీకు నామోషీగా లేదా?" అన్నాను. వెటకారంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

"నామోషీ ఏందబ్బయ్యా? ఆకలైతే అన్నం అడగమా? ఇదీ అంతే గదా!" అని నన్నే వింతగా చూసింది.

బయట్నుంచి షాబాన్ కేకేశాడు, "ఫీ నామూస్?"

నేను మూకుడులో ఐసుముక్కని చూశాను. సుగ్రా బేగం నన్ను చూసింది.

"ఫీ," అన్నాను.

వాడు నిట్టూర్చి పసుపు కాగితం అంటించాడు. ఈ ఒక్క ఇంటి కోసం వచ్చే శనివారం మళ్ళీ రావాలి కాబోలని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ వారమంతా నాకు అదే ధ్యాస. ఆఫీసులో కూర్చున్నా ఆ మూకుడే కళ్ళముందు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివాను, బీకాం చేశాను, రెండు కంపెనీల లెక్కలు చూస్తాను, ఒక్కసారి కూడా నాకాకలేస్తోంది అన్నంత మామూలుగా నాకెవరూ లేరు అనలేకపోయాను. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"తిన్నారా?"

"తిన్నాను. గుత్తొంకాయ."

"మల్లె మొగ్గేసిందా?"

"వేసింది," అన్నాను. అని, నా గొంతు నాకే వినపడి, పనుందని పెట్టేశాను.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళి పచ్చ స్టిక్కర్ పీకడం మొదలుపెట్టాను. రానంటే రానంది. గోళ్ళతో గీకాను. సగం ఊడి సగం తెల్లగా అతుక్కుని ఉండిపోయింది. అప్పుడు షాబాన్‌కి ఫోన్ చేశాను.

"ఫీ నామూస్ అందీ," అన్నాను. మా ఇంట్లో ఉంది అని.

"వల్లా? యువర్ హౌస్?" వాడికి నమ్మబుద్ధి కాలేదు. "కితీర్?"

"కితీర్," అన్నాను. చాలా.

మర్నాడు తెల్లారకముందే లేచి వంట మొదలుపెట్టాను. ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, మామిడికాయ చారు. చారులో ఉప్పు పడాల్సిందానికన్నా ఎక్కువే పడింది. కంచాలు మూడు దించాను. వాటికి పట్టిన దుమ్ము చూస్తే నాకే అసహ్యం వేసింది, తోమి తుడిచాను. కిందికి వెళ్ళి సుగ్రా బేగం గారిని పిలిచాను. "నీ ఇంట్లో నాకేం పని?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే చెప్పులేసుకుంది.

షాబాన్ మందు డబ్బా వీపున తగిలించుకుని వచ్చాడు. వాడు పని దగ్గర వేళాకోళం ఎరగడు. బాత్‌రూము, ఫ్రిజ్ వెనక, ఏసీ గొట్టం, సింకు కింద. మంచం ఎత్తి చూశాడు. నా బూట్లు దులిపి చూశాడు. బాల్కనీ కుండీల్లో వేలు పెట్టి తవ్వాడు. నేను వాడి వెనకాలే తిరుగుతున్నాను. చివరికి చెమట తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"వేర్? వేర్ నామూస్?" అన్నాడు. వాడికి కోపం వచ్చింది.

"ఇక్కడే," అని తెలుగులోనే అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "అమ్మా, మీరు చెప్పండి వీడికి. వీళ్ళ నామూస్ కాదు, మన నామోషీ. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను, ఎవరైనా వచ్చి కాసేపు కూర్చోండి, నాతో తినండి అని అడగడానికి ఇన్నేళ్ళూ నామోషీ పడ్డాను. అదీ సంగతి. చెప్పండి."

సుగ్రా బేగం నా మొహం చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. షాబాన్ వైపు తిరిగి అరబ్బీలో నెమ్మదిగా ఏదో చెప్పింది. నాకు అందులో నామూస్ అన్న ముక్కొక్కటే అర్థమైంది. వాడు కంచాలు చూశాడు. గోడవైపు చూశాడు. టార్చి ఆర్పేశాడు.

"ఐవా," అన్నాడు, అవునని. "ఫీ. కితీర్."

అని, మందు డబ్బా దించి, బూట్లు విప్పి, చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

వాళ్ళు తింటుండగా నేను ఫోన్ తీశాను. వేళ కాని వేళ నేను వీడియో కాల్ చెయ్యడం అదే మొదలు. కుసుమ కంగారుపడిపోయింది. "ఏమైందండీ? జ్వరమా?"

"జ్వరం లేదు. ఇటు చూడు," అని ఫోన్ బాల్కనీ వైపు తిప్పాను. మూడు కుండీలు. ఎండిన పుల్లలు. షాబాన్ తవ్విన మట్టి. "కుసుమా, మల్లెచెట్లు చచ్చిపోయాయే. నువ్వెళ్ళిన మొదటి ఎండాకాలమే చచ్చిపోయాయి."

ఫోన్ ఇంకాస్త కుండీల దగ్గరికి పెట్టాను.

"తెలుసు," అంది.

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారు. డిసెంబర్లో కూడా మొగ్గేసిందన్నారు. డిసెంబర్లో మల్లె మొగ్గేస్తుందా అండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి తెలిసీ రోజూ ఎందుకే అడిగావు?"

"ఏదో ఒక రోజు లేదంటారేమోనని."

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను, కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా ఉందామనుకున్నాను గానీ కుదరలేదు. లోపల్నుంచి సుగ్రా బేగం, "ఏందయ్యా, మాకు అన్నం పెట్టి నువ్వాడ నిలబడినావు, నీ కంచంలో చారు చల్లారతా ఉంది!" అని కేకేసింది.

"ఎవరండీ వచ్చింది?" అని అడిగింది కుసుమ.

"దోమలవాళ్ళు," అన్నాను.

వెళ్తూ వెళ్తూ షాబాన్ నా తలుపు మీద సగం ఊడిన పచ్చ కాగితం పైన పసుపుది అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వచ్చే శనివారం పక్క క్లస్టర్‌లో పని ముగించుకుని వస్తానన్నాడు. చారులో ఉప్పు తగ్గించమని సుగ్రా బేగంతో చెప్పించాడు.